తురహళ్లికి ఇరవై మచ్చుకత్తులు వద్దు

అల్లుడూ,

బెంగళూరు తురహళ్లి అడవిలో కాలిబాట బాగుచేయడానికి అటవీశాఖ పర్మిషన్ ఇచ్చిందని, ఇరవై మందికి ఇరవై మచ్చుకత్తులు కొంటున్నామని రాశావు. కొనకముందే రాసి మంచి పని చేశావు. మూడు చాలు. అవి కూడా అలవాటున్న చేతులకే ఇవ్వు.

మీకు అడ్డం వచ్చేది లంటానా అన్నావు, అదే మన పులికంప. దాని సన్న కొమ్మలు కత్తి దెబ్బకు తెగవు, ఊగుతాయి. కత్తి జారి మోకాలి మీదికి వస్తుంది. కొత్తవాళ్లకు లాపర్లు కొను, అంటే కొమ్మలు కత్తిరించే పొడుగు పిడుల కత్తెరలు. రెండు చేతులూ పిడుల మీదే ఉంటాయి, వేళ్లకు భయం తక్కువ. రెండు బ్లేడులూ కత్తెరలా ఒకదాని పక్కనుంచి ఒకటి పోయే రకమే అడుగు. ఒకే బ్లేడు దిమ్మ మీద పడి నొక్కే రెండో రకం పచ్చికొమ్మను నలిపేస్తుంది. బొటనవేలి కంటే లావు కొమ్మలకు మడత రంపం.

పైపైన కొట్టి వదిలితే మాత్రం నాలుగు వానలకే మొదట్లోంచి గుబురుగా లేస్తుంది. అందుకే డబ్బు మిగిల్చి రెండు గడ్డపారలు, ఒక పికాసి తీసుకో. మట్టి తీసి, మొదలుకు ఒకటి రెండు అంగుళాల కింద వేరు నరికి, దుబ్బును తలకిందులుగా పెట్టండి. కాయలు నల్లబడకముందే ఈ పని కావాలి, లేకపోతే పిట్టలు తిని విత్తనాలు అడవంతా చల్లుతాయి. కొట్టిన కంప ఆవులకు వేయొద్దు, ఆ ఆకు వాటికి విషం.

కంపను చేత్తో లాగొద్దు. పంగలకర్రతో ఎత్తి పక్కకు నెట్టాలి. తోలు గ్లౌజులు అందరికీ ఉండాల్సిందే.

అన్నిటికంటే ముందు పిడి చూడు. మా చేని గట్టు మీద కంప కొడుతుంటే గొడ్డలి కామ వదులైంది. తెలిసి కూడా ఇంకో రెండు దెబ్బలే కదా అనుకున్నాను. గొడ్డలి ఊడి, వెనక కంప లాగుతున్న మీ అమ్మ చెవి పక్కనుంచి పోయింది. అప్పుడు దానికి పన్నెండేళ్లు. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తుంది. కాబట్టి అంగట్లోనే పిడి పట్టుకుని గట్టిగా విదిలించు, కొంచెం కదిలినా అక్కడే వదిలెయ్. కత్తి ఊపేవాళ్ల చుట్టూ పదడుగుల్లో ఎవరూ ఉండకూడదు.

సిటీ మార్కెట్ వైపు హార్డ్‌వేర్ అంగళ్లలో మెరిసే కత్తులు చూపిస్తారు. లారీ కమానుపట్టాతో చేసిన నల్ల మచ్చుకత్తి ఉందా అని అడుగు, పదును బాగా నిలుస్తుంది. ఆకురాయి కొనొద్దు, నా దగ్గర రెండున్నాయి. శనివారం సాయంత్రం కొన్నవన్నీ తీసుకుని ఇంటికి రా, పదును పెట్టడం నేర్పిస్తాను.

మీ మామయ్య