మందు తగ్గే తీరును గ్రాఫు మీద చదవడం

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులతో వ్రాయునది.

సూత్రాలన్నీ కంఠతా వచ్చినా ఫార్మకోకైనెటిక్స్ (ఒంట్లో మందు నడక) లెక్కలు అంతుపట్టడం లేదని రాశావు. కొన్నాళ్లు ఆ సూత్రాలను పక్కన పెట్టి, ఏ లెక్క ఇచ్చినా ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకో: గంటగంటకూ తగ్గుతున్నది ఒకే మొత్తమా, లేక ఉన్నదాంట్లో ఒకే వంతా?

మూత్రపిండాలు బాగున్న రోగి రక్తంలో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ గాఢత లీటరుకు 8 మిల్లీగ్రాములు ఉందనుకో. రెండేసి గంటలకు అది 4, 2, 1 అవుతూ పోతే, తగ్గిన మొత్తం ప్రతిసారీ మారుతున్నా తగ్గిన వంతు మాత్రం సగమే. ఇదే ఫస్ట్ ఆర్డర్. మద్యం అలా కాదు. దాన్ని విరిచే ఎంజైము తొందరగా నిండిపోతుంది కనుక, ఒకే టికెట్ కౌంటరు తెరిచిన స్టేషనులో క్యూ ఎంత పెరిగినా గంటకు ఇచ్చే టికెట్లు పెరగనట్టే, డెసిలీటరుకు 80 మిల్లీగ్రాములు ఉన్నది గంటకు సుమారు 15 చొప్పున 65, 50, 35గా దిగుతుంది. ఇది జీరో ఆర్డర్. ఇక్కడ 80 నుంచి 40కి రావడానికి 2 గంటల 40 నిమిషాలు, 40 నుంచి 20కి గంటా 20 నిమిషాలు పడతాయి కనుక, ఒకే హాఫ్ లైఫ్ (గాఢత సగమయ్యే కాలం) అనే మాటకు అర్థం ఉండదు.

ఈ రెంటినీ మామూలు గ్రాఫు కాగితం మీదా, సెమీలాగ్ కాగితం (నిలువు అక్షం లాగ్ కొలతలో ఉన్నది) మీదా నీ చేత్తోనే గీసి చూడు. మద్యం మామూలు కాగితం మీద సరళరేఖగా దిగి, సెమీలాగ్ మీద కిందికి వంగుతుంది; జెంటామైసిన్ మామూలు కాగితం మీద వంపు తిరిగి, సెమీలాగ్ మీద సరళరేఖ అవుతుంది. సెమీలాగ్ కాగితం మీద గాఢతనే గుర్తించాలి, దాని లాగ్ విలువను కాదు. లాగ్ తీసే పని ఆ కాగితమే చేసిపెడుతుంది. ఆ అక్షం మీద సున్నా కోసం వెతక్కు, ఉండదు. వాలును స్కేలుతో సెంటీమీటర్లలో కొలిచేవాళ్లను ఏటా చూసేవాణ్ణి. గీత మీద దూరదూరంగా రెండు బిందువులు తీసుకుని, వాటి లాగ్ విలువల తేడాను కాలంతో భాగించి 2.303తో గుణించాలి. పై ఉదాహరణలో 8కీ 1కీ లాగ్ తేడా 0.903, దాన్ని 6 గంటలతో భాగించి గుణిస్తే మందు తగ్గే రేటు స్థిరాంకం గంటకు 0.347 వస్తుంది, 2కి సహజ లాగ్ అయిన 0.693ను దానితో భాగిస్తే హాఫ్ లైఫ్ 2 గంటలని తేలుతుంది. అయినా గీత మీద గాఢత సగమయ్యే కాలాన్ని ముందే కంటితో చదివి, తరువాతే లెక్కతో సరిచూసుకో.

సిరలోకి ఇచ్చిన మందు విషయంలో మొదటి ఒకటి రెండు బిందువులు గీతకు పైన నిలబడవచ్చు. అది మందు రక్తం నుంచి కణజాలాలకు పాకే దశ. విసర్జన గీతను చివరి బిందువుల మీదుగానే గీయాలి.

మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించు. తక్కువ గాఢతలో ఫస్ట్ ఆర్డర్‌లా నడిచే ఆ మందు, చికిత్సకు వాడే మోతాదుల్లోనే ఎంజైమును నింపేస్తుంది కనుక, మోతాదు కొద్దిగా పెంచినా రక్తంలో గాఢత ఎంతో ఎక్కువగా పెరుగుతుంది. ఆ గ్రాఫు కూడా గీసి పంపు, చూస్తాను.