పాత పెరడు, కొత్త యజమాని: గడ్డిమందు కంటే ముందు చేయాల్సిన పనులు

సందేహం: ఇటీవల ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం. రెండేళ్లుగా ఎవరూ లేకపోవడంతో పెరడంతా మోకాలెత్తు కలుపు పెరిగింది. అందులో తుంగ ఎక్కువ. గోడ పక్కనున్న నిమ్మచెట్టుకు కొత్త ఆకులు పసుపు రంగులో వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. గులాబీ ఏపుగా పెరిగినా పూయడం లేదు. గడ్డిమందు కొట్టించి, యంత్రంతో దున్నించి చదును చేసి, కొత్త మొక్కలు నాటాలనుకుంటున్నాం. ఏ మందు వాడాలి?
– ఒక పాఠకురాలు

సలహా: ప్రస్తుతానికి ఏ మందూ వద్దు. దున్నించడం అసలే వద్దు. నేలలో ఏ దుంప నిద్రపోతోందో, ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో తెలియకుండా తవ్వితే, ఏం పోగొట్టుకున్నారో కూడా మీకు తెలియదు. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకుంటున్నవి తీసేయండి. పచ్చగా ఉన్న చెట్టును మాత్రం ఏడాది తిరిగేదాకా మొదలంటా నరకకండి.

ముందు గులాబీ సంగతి. దాన్ని రేపే పీకేస్తారేమోనని నా అనుమానం. గులాబీని చాలావరకు మొండి రకం వేరుమూలం (వేళ్లనిచ్చే అడుగు మొక్క) మీద అంటుకట్టి అమ్ముతారు. పట్టించుకునేవారు లేకపోతే, అంటు కింది నుంచి వచ్చిన పిలకలు బలమంతా లాగేసుకుంటాయి. చెట్టు మొదట్లో మట్టి తొలగించి చూడండి, బుడిపెలా ఉబ్బిన అతుకు కనిపిస్తుంది. దాని కింద పుట్టిన కొమ్మలను కత్తిరిస్తే మళ్లీ వస్తాయి, అందువల్ల పుట్టిన చోటి నుంచే చీల్చి లాగేయండి. అతుకు పైన ఒక్క కొమ్మ బతికి ఉన్నా చెట్టు తేరుకుంటుంది. పైభాగమంతా చచ్చిపోయి ఉంటే మీ దగ్గరున్నది వేరుమూలం ఒక్కటే. నిస్సంకోచంగా తీసేయవచ్చు. గులాబీకి రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలన్నదీ గుర్తుంచుకోండి.

నిమ్మకు వచ్చింది ఇనుపధాతు లోపం. నత్రజని లోపమైతే ముదురాకులు ముందుగా, ఈనెలతో సహా పాలిపోయేవి. గోడ కట్టినప్పుడు రాలిన సున్నం, సిమెంటు పెళ్లలు చెట్టు మొదట్లోనే ఉండిపోయి ఉండవచ్చు. వాటివల్ల క్షారగుణం పెరిగి, ఉదజని సూచిక (పీహెచ్) 7.5 దాటిన నేలలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. నీరు నిలిచినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఏది కారణమో తేల్చడానికి చెట్టుకు కాస్త దూరంగా అడుగు లోతు గుంత తీయండి. పెళ్లలు ఉంటే కంటికే కనిపిస్తాయి. గుంతను నీటితో నింపి, ఇంకిన తర్వాత మళ్లీ నింపి స్కేలుతో కొలవండి. గంటకు 2 నుంచి 5 సెం.మీ. ఇంకితే ఫర్వాలేదు. సెంటీమీటరు కూడా దిగకపోతే నీళ్లు తగ్గించాలి, మురుగు పోయే దారి చూడాలి. తవ్వేముందు నీటి గొట్టాలు ఎక్కడున్నాయో తెలుసుకోండి. ఇన్నేళ్ల అనుభవం ఉన్న నేనే మా ఇంటి గొట్టాన్ని గునపంతో పొడిచాను.

తాత్కాలిక ఉపశమనంగా లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రా. నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వారం వ్యవధితో రెండు మూడుసార్లు చల్లని వేళ ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. గోడ మీద పడితే తుప్పు మరకలు పోవు, జాగ్రత్త.

ఇక కలుపు. దున్నించవద్దనడానికి తుంగ కూడా ఒక కారణం. దాని గడ్డలు భూమిలో గొలుసులా అల్లుకుని ఉంటాయి. యంత్రం ఆ గొలుసును తెంచి ముక్కలను పెరడంతా చల్లుతుంది. తెగిన ప్రతి గడ్డా మొలకెత్తగలదు. నేలను తడిపి, గడ్డతో సహా పెకలించండి. మళ్లీ మొలిచినప్పుడల్లా, రెండు మూడు వారాలకోసారి తీస్తుంటే గడ్డల్లోని నిల్వ కరిగిపోతుంది. ఇది నెలల తరబడి సాగే పని. వయ్యారిభామ కనిపిస్తే పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకండి. దానివల్ల చర్మం దద్దుర్లెక్కుతుంది. మిగతా ఏకవార్షిక (ఏడాదిలోపే మొలిచి, గింజ పట్టి చచ్చిపోయే) కలుపును గింజ పట్టకముందే కోసి అక్కడే పరిచేయండి. ఆ పొర 5 నుంచి 8 సెం.మీ. మందం ఉంటే చాలు. కాండానికి మాత్రం ఆనకూడదు, బెరడు కుళ్లుతుంది.

కొత్త మొక్కలు నాటాలన్న తొందర ఆగకపోతే కుండీల్లో పెట్టుకోండి. ఎండ పడే చోటు కాలాన్ని బట్టి జరుగుతుంటుంది. ఎక్కడ ఎన్ని గంటలు పడుతుందో రాసుకుంటూ, అది తేలిన తర్వాత వాటిని నేలలోకి దించవచ్చు.