దెయ్యానికి ఆత్మను అమ్ముకున్న కథ మొదట ఎవరిది?

అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతం పాడిన రాబర్ట్ జాన్సన్ అర్ధరాత్రి నాలుగు దారుల కూడలిలో దెయ్యానికి ఆత్మను అమ్ముకుని గిటారు విద్య సంపాదించాడన్న కథ ఎక్కడిది, ఇలాంటి వాటిలో నిజం తేల్చడం మనలాంటి వాళ్ళకు సాధ్యమా అని అడిగారు. సాధ్యమే. చెన్నైలో మా ఇంటి రికార్డు మీద ఒకసారి ఆ పని చేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మా తాతగారు దాచుకున్న రికార్డు అది, నాటక పద్యాలది. పాడిన నటుడికి అప్పుడు ఒళ్ళు కాలిపోయే జ్వరమనీ, గొంతు అందుకే అంత పీలగా ఉందనీ, వారం తిరగకుండా ఆయన పోయాడనీ ఇంటిల్లిపాదీ నమ్మేవారు. అది పెట్టినప్పుడల్లా అమ్మమ్మ కళ్ళు తుడుచుకునేది.

నాకు అనుమానం వచ్చింది గొంతు మీద కాదు, వెనక మోగుతున్న హార్మోనియం మీద. జ్వరం మనిషికి వస్తుంది, హార్మోనియానికి రాదు. మా ఇంటి హార్మోనియం పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే రికార్డులోని షడ్జమం, అంటే ఆధారమైన ‘స’ స్వరం, ఏ మెట్టు మీదా నిలవలేదు, రెండు మెట్ల నడుమ పడింది. గ్రామఫోన్‌లో రికార్డు తిరిగే పళ్ళెం అంచుకు కాగితం ముక్క అంటించి, గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి 86 చుట్లు. ఉండవలసింది 78. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక అల్లికుళం దగ్గరికి చేరిన దుకాణాల్లో పాత గ్రామఫోన్లు బాగుచేసే ఒక పెద్దాయన వేగం సరిచేసి ఇచ్చారు. షడ్జమం మెట్టు మీదికి దిగింది. గొంతు నిండుగా, గంభీరంగా పలికింది. (తొలినాళ్ళ రికార్డులన్నీ 78 వేగంతోనే తయారుకాలేదు. అందుకే అంకెను ఒక్కదాన్నే నమ్మకుండా హార్మోనియాన్ని సాక్షిగా పెట్టుకోవాలి.) ఆ తరవాత నాలుగు శనివారాలు ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయంలో పాత పత్రికల సంపుటాలు తిరగేశాను. రికార్డు విడుదల ప్రకటన దొరికింది. ఆయన మరణవార్త దానికి తొమ్మిదేళ్ళ తరవాతి సంచికలో ఉంది.

జాన్సన్ కథనూ ఇలాగే పట్టుకోవాలి. ఈ మాట మొదట ఎవరన్నారు, ఎవరి గురించి అన్నారు? కూడలిలో దెయ్యం గిటారు శ్రుతి చేసి ఇచ్చిందన్న కథను లెడెల్ జాన్సన్ చెప్పింది తన సొంత అన్నదమ్ముడు టామీ జాన్సన్ గురించి. టామీ కూడా మిసిసిపీ గాయకుడే. ఇంటిపేరు కలిసింది, రాబర్ట్ పేరు పెద్దదయింది, కథ అతని ఖాతాలోకి వెళ్ళింది. ఊరూ పేరూ తెలియని చాటుపద్యాలన్నీ శ్రీనాథుడి పేరు మీద చేరలేదా? ఇదీ అంతే. ఇక రాబర్ట్ కొన్నాళ్ళు కనిపించకుండా పోయి గొప్ప వాద్యకారుడై తిరిగి రావడం నిజం. ఆ మధ్యకాలంలో అతనికి ఐక్ జిమ్మర్మన్ అనే గురువు దొరికాడు. ఇద్దరూ రాత్రిళ్ళు శ్మశానంలో కూర్చుని సాధన చేసేవారు. అక్కడైతే నిద్ర చెడిందని ఎవరూ తిట్టరు. ఇన్ని రాత్రుల సాధనను దెయ్యానికి కట్టబెట్టడం నాకు బాధగా ఉంటుంది.

అతని రికార్డులను వేగం పెంచి విడుదల చేశారన్న వాదన కూడా ఉంది. మా రికార్డు సంగతి తెలిశాక నేనూ దాని వైపు మొగ్గాను. కానీ అతను పాడింది రెండు ఊళ్ళలో, 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డాలస్‌లో. ఏడు నెలల ఎడంతో రెండుచోట్లా ఒకే పొరపాటు జరిగి ఉండాలంటే నమ్మలేను.

తేలకుండా మిగిలింది అతని మరణం. 1938 ఆగస్టు 16న మిసిసిపీలోని గ్రీన్‌వుడ్ దగ్గర పోయాడు, 27 ఏళ్ళకు. విస్కీలో విషం కలిపారని తోటి గాయకులు చెప్పారు. మరణ ధ్రువపత్రాన్ని గేల్ డీన్ వార్డ్‌లో అనే పరిశోధకుడు 1968లో వెతికి పట్టుకున్నాడు. కారణం రాయవలసిన చోట ‘వైద్యుడు లేడు’ అని ఉంది. కాగితం వెనక, జాన్సన్ చనిపోయిన తోట యజమాని చెప్పిన మాటలున్నాయి. సిఫిలిస్‌తో పోయి ఉంటాడని ఆయన ఊహ. ఆయన లెక్కలో జాన్సన్ బాంజో వాయించడానికి వచ్చిన మనిషి. చేతిలో ఏ వాద్యం ఉందో కూడా చూడని వాడి వైద్య నిర్ణయాన్ని నేను తీసుకోను. అదే కాగితంలో ఇంకో మాట ఉంది, దాన్ని మాత్రం నమ్ముతాను: ఆ నల్లవాడు తన దగ్గర పనిచేయలేదు కాబట్టి వైద్యుణ్ణి పిలిపించలేదట.