బొంత కథ పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ రాతప్రతి చదివాను. తొంభై పేజీలున్నదాన్ని కథ అనకు, నవలిక అను. నిజాంపేటలో ఒక అపార్టుమెంటు, దాని డాబా మీద నలుగురు ఆడవాళ్లు, వాళ్లు కలిసి కుట్టే ఒక బొంత. సరుకుంది. నచ్చనిది ముందు చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

"జీవితం కూడా ఒక బొంతే" అని నాలుగు చోట్ల రాశావు. నాలుగూ కొట్టెయ్. అది స్నేహానికి గుర్తు, కుటుంబానికి గుర్తు అని నువ్వు చెప్పడానికి తొందరపడ్డ ప్రతిసారీ ఆ నలుగురి చేతులూ ఆగిపోయాయి. బొంతను బొంతగా కుట్టనివ్వు. 1987 అక్టోబరులో వాషింగ్టన్ నేషనల్ మాల్ మైదానంలో ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లు కుట్టిన పెద్ద బొంత పరిచారు, విన్నావా? అప్పటికి అందులో 1,920 గుడ్డలు. చాలామటుకు పోయినవాళ్ల స్నేహితులు, ఇంటివాళ్లు కుట్టినవే. ఒక్కో గుడ్డ వెడల్పు 3 అడుగులు, పొడవు 6 అడుగులు. మనిషిని పూడ్చే గుంత కొలత. ఆ కొలత తెలిశాక ఇంకెవరూ మనకేమీ వివరించనక్కర్లేదు.

నీకూ కొలతలు కావాలి. నీ కథలో అత్తగారి నారాయణపేట చీర ఒక్కదానితో డబుల్ కాట్‌కి సరిపడా బొంత తయారైపోతుంది, అదీ ఒక్క సాయంత్రంలో! లెక్క వేసుకో. చీర పొడవు ఐదున్నర మీటర్లు, పన్నా మీటరుంబావుకి కాస్త తక్కువ. మూడు మడతలేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల లోపు వెడల్పు. ఒంటరిగా పడుకునే మనిషికి సరిపోతుంది, అంతే. (ఆ అత్తగారు ఒంటరిగానే పడుకుంటుందని నువ్వే రాశావు. చూసుకున్నావా?) వరసకీ వరసకీ అంగుళం ఎడం వదిలినా 45 వరసలు. వరసకి 6 అడుగులు. మొత్తం 270 అడుగుల కుట్టు, చేత్తో, మూడు పొరల్లోంచి. వంటయ్యాక, పిల్లల స్కూలు బస్సు వచ్చేలోపు దొరికే మధ్యాహ్నాల్లో అది వారాల పని.

ఆ వారాలే నీ నవలిక. ఒకామె రెండు రోజులు రాదు, ఎందుకు రాలేదో మిగతా ముగ్గురికీ మూడు రకాలుగా తెలుసు. ఒకరి కూతురి సంబంధం చెడుతుంది. ఇద్దరికి మాటలు ఆగిపోతాయి, కానీ బొంత ఒకటే కాబట్టి చెరో కొసనా కూర్చోక తప్పదు. సోదికి పోతే పాత రంకులన్నీ బయటపడ్డట్టు, సూది పట్టుకుని కూర్చుంటే ఏ పాత సంగతైనా బయటికొస్తుంది. తల వంచుకుని కుట్టేటప్పుడు ఎదుటివాళ్ల మొహం చూడక్కర్లేదు కదా.

రజాయికీ బొంతకీ తేడా చూసుకో. నీ పదో పేజీలో బొంతలోంచి దూది రాలుతోంది. రజాయికైతే దూది ఏకించి, సంచిలా కుట్టిన గుడ్డలో పరిచి, దూరదూరంగా కుట్లు వేస్తారు. దూది గడ్డకడితే విప్పి మళ్లీ ఏకిస్తారు. బొంతకి పాత గుడ్డలే పొరలు. చిరిగితే విప్పరు, పైన ఇంకో చీర వేసి కుట్టేస్తారు. అందుకే పాత బొంతలో అడుగునున్న చీర ఎవరిదో ఇంట్లో పెద్దావిడకి తప్ప తెలియదు. ఇంత మంచి రహస్యం చేతిలో పెట్టుకుని దూది రాల్చుకుంటూ కూర్చున్నావు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ ఆడవాళ్లు (ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల వంశం) తమ బొంతను, కవంది అంటారు, అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకొస్తారు. మీవాళ్లు ఎక్కడ మొదలుపెడతారు? అది తేలితే ఎవరెక్కడ కూర్చుంటారో తేలుతుంది. ఎవరు కుర్చీలో, ఎవరు చాప మీద, ఎవరు చాప అంచు దాటి సిమెంటు మీద.

వాచ్‌మన్ భార్య గురించే అడుగుతున్నాను. నలుగురిలో చెయ్యి తిరిగినది ఆమె ఒక్కతే. పాలమూరులో అమ్మమ్మ దగ్గర నేర్చుకుందని నువ్వే రాశావు. బొంత పూర్తయ్యాక మూడో అంతస్తు ఆవిడ ఐదొందల నోటు ఆమె చేతిలో పెట్టి "థాంక్స్" అంటుంది. వెంటనే నువ్వు పేరా మార్చి సూర్యాస్తమయం వర్ణించావు! ఆ నోటు దగ్గరే ఆగు. అన్ని మధ్యాహ్నాలు పక్కపక్కన కూర్చున్నాక అది కూలా, కానుకా? ఆమె తీసుకుందా? "పైసలిస్తవా, దోస్తునంటవా, ఏదో ఒకటి చెప్పక్కా" అందా? లేక ఏమీ అనకుండా కొంగున ముడేసుకుని, మర్నాటి నుంచి మళ్లీ "మేడం" అనడం మొదలుపెట్టిందా? నేనైతే మూడోదే రాస్తాను. నీ ఇష్టం.

సూదిని చేతికి అందించకూడదని, తగువులొస్తాయని మన ఇళ్లలో ఒక పట్టింపు ఉంది కదా. కింద పెడితే ఎదుటివాళ్లు తీసుకుంటారు. మాటలు లేని ఆ ఇద్దరికీ ఇది వాడుకో. చత్వారం వచ్చిన ఆవిడ దారం కొస నోట తడుపుకుని మూడుసార్లు గురి తప్పుతుంది. రెండోది చూసీ చూడనట్టు ఆ సూది లాక్కుని, దారం ఎక్కించి, ఆమె ముందు నేల మీద పెడుతుంది. ఇక నాలుగు పేజీల రాజీ సంభాషణ అక్కర్లేదు.

చుట్టరికాలు పల్చగా ఉన్నాయి. "బంధువులు వచ్చారు" అంటే ఎవరు? ఆడపడుచా, తోడికోడలా, మేనత్తా? తల్లి పోయాక ఆమె బీరువా తెరిచి చీరలు పంచుకునే ఘట్టం నీ నవలికలో అన్నిటికన్నా బాగుంది. పట్టుచీరలకి పోటీ పడి, నేతచీరలు మూటకట్టి స్టీలు సామాన్లవాడికి వేసి గిన్నె తెచ్చుకున్న వదినను చెడ్డదాన్ని మాత్రం చెయ్యకు. బీరువాలో చోటు లేక, అద్దె ఇల్లు మారలేక, ఆ చీరలు చూసి రోజూ ఏడవలేక ఇచ్చేసి ఉండొచ్చు. ఆమె వైపు నుంచి ఒక పేజీ రాసి చూడు. కథలో పెట్టకపోయినా ఫర్వాలేదు, నీకు తెలిసి ఉండాలి.

ఇంకొకటి. మొదటి అధ్యాయంలో ఆన్‌లైన్‌లో తెప్పించిన క్విల్టింగ్ కిట్టు నవ్వు తెప్పించింది, ఉంచు. కానీ అది తెప్పించిన పిల్ల ఒకసారైనా సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్లి లైనింగు గుడ్డ బేరమాడాలి. నువ్వూ వెళ్లు. ఆ తర్వాత ఇంట్లో పాత చీర ఒకటి అడిగి తీసుకుని పది వరసలు కుట్టు. సింథటిక్ చీర మాత్రం వద్దు, జారిపోయి ప్రాణం తీస్తుంది.

తిరగరాశాక ఫోన్‌కి పంపకు, నా కళ్లకి ఆనదు. ప్రింటు తీయించి, ఎడమవైపు బాగా ఖాళీ వదిలి పంపు. పదో పేజీ, ఆ ఐదొందల నోటు పేజీ ముందు చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ