లైసెన్స్ కొత్తగా వచ్చింది, పైలట్ల ఫ్లై-ఇన్‌కి వెళ్లాలా?

ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చి నెలే అయిందనీ, దగ్గరలో ఉన్న చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో సొంత విమానాలున్నవాళ్లు సరదాగా కలుస్తున్నారనీ, నాలాంటి కొత్తవాడు వెళ్తే ఏమైనా ఉపయోగమా అనీ అడిగారు. వెళ్లండి. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పేస్తా. అక్కడ కుర్చీలన్నీ రన్‌వే వైపే తిప్పి ఉంటాయి.

నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. లైసెన్స్ వచ్చిన మూడో నెలలో క్లబ్బు వాళ్ల చిన్న విమానం, సెస్నా 172, తీసుకుని వెళ్లాను. రన్‌వే 27, అంటే 270 డిగ్రీల దిక్కుకి. గాలి 300 డిగ్రీల దిక్కు నుంచి 12 నాట్లు. 30 డిగ్రీల తేడా అంటే పక్కగాలి అందులో సగం, 6 నాట్లు. సాకు చెప్పుకోవడానికి కూడా చాలదు. ఫైనల్ మీదకి, అంటే దిగడానికి రన్‌వేకి సూటిగా, తిరిగేసరికి హ్యాంగర్ ముందు కూర్చున్న జనం కనిపించారు. అంతే, కన్ను స్పీడోమీటర్ మీద నుంచి జారిపోయింది. 65 ఉండాల్సిన చోట 75తో వచ్చాను. 10 నాట్లే కదా అనుకుంటాం. శక్తి మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది. 65 బదులు 75 అంటే మూడో వంతు శక్తి అదనం, అదంతా ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి కదా.

నాది రన్‌వే మీద తేలుతూ ఖర్చయింది. నేలకి రెండడుగుల ఎత్తులో విమానం పోతూనే ఉంది, దిగనంటోంది. ఓపిక పట్టలేక ముక్కు కిందికి నొక్కాను. తగిలింది, లేచింది. ఇంకోసారి తగిలింది, ఇంకా పైకి లేచింది. థ్రాటిల్ పూర్తిగా తోసి, రెక్కల వెనక ఫ్లాప్స్‌ని 20 డిగ్రీలకి తెచ్చి వెళ్లిపోవాల్సింది అప్పుడే. ఇన్‌స్ట్రక్టర్ పక్కనుంటే ఆ పనే చేసేవాణ్ని. కానీ అలా దిగకుండా మళ్లీ పైకెళ్లిపోతే, అదే గో అరౌండ్ కొడితే, అందరూ నవ్వుతారనిపించింది. ఎలాగో మూడోసారి కూర్చోబెట్టి, బ్రేకులు తొక్కి పట్టి, రన్‌వే చివరి టాక్సీవే దగ్గర ఆపాను. కుర్చీల్లోంచి వేళ్లు లేచాయి, మార్కులన్నమాట. పదికి మూడు వేసినాయనే అందరిలోకీ ఉదారుడు.

విమానం కట్టేస్తుంటే ఒక పెద్దాయన వచ్చాడు. ల్యాండింగ్ ఊసే ఎత్తలేదు. ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టైరు మీద అరిగి చదునైపోయిన చోట బొటనవేలితో రుద్దాడు. వేలికి నల్లగా అంటింది.

"మొదటిసారి లేచినప్పుడే పవర్ ఎందుకు పెట్టలేదయ్యా?"

"అందరూ చూస్తున్నారని..."

"చూసినవాళ్లెవరూ నీకు టైరు కొనివ్వరు."

ఇలాంటి కలయికలంటే జనానికి అమెరికాలోని ఓష్‌కోష్ గుర్తొస్తుంది. 1953లో మొదలై, 1970 నుంచి ఓష్‌కోష్‌లో స్థిరపడి, ఇప్పుడు వేల విమానాలు దిగే పండగ అది. చిన్న ఫీల్డులో పదో పన్నెండో విమానాలు, విరిగిన కుర్చీలు, అంతే. కానీ నేర్చుకోవాలంటే ఇదే మేలని నా గట్టి నమ్మకం. ఇక్కడ మనుషులు తాము చేసిన తప్పులు నోరు విప్పి చెబుతారు. ఆ రోజు ఒకాయన చెప్పింది నేనింకా మర్చిపోలేదు. ఇంధనంలో నీళ్లు చేరాయేమో చూద్దామని ట్యాంకు అడుగు నుంచి శాంపిల్ తీస్తే కప్పు నిండా తేటగా వచ్చిందట. మధ్యలో గీత లేదు, బుడగ లేదు, కాబట్టి నీళ్లు లేవనుకున్నాడు. తీరా 100ఎల్‌ఎల్, అంటే ఈ చిన్న విమానాల్లో పోసే పెట్రోలు, నీలంగా కదా ఉండాలి! కప్పులో ఉన్నదంతా నీళ్లే. పుస్తకంలో ఇది నేనూ చదివే ఉంటాను, తలకెక్కింది మాత్రం ఆయన మొహం చూశాకే.

విసిగించేవాళ్లూ ఉంటారు, కాదనను. కంట్రోల్ టవర్ లేని ఫీల్డులో అందరికీ ఒకటే రేడియో ఫ్రీక్వెన్సీ. ఇద్దరు ఒకేసారి మైక్ బటన్ నొక్కితే కీచుమనే శబ్దం తప్ప ఏమీ వినపడదు. అందులోనే ఒకాయన తన ప్రయాణ విశేషాలన్నీ చెప్పుకుంటూ వస్తాడు. చివర్లో "ఎవరైనా ఉంటే మీరెక్కడున్నారో చెప్పండి" అంటాడు. బాబూ, నువ్వు వదిలితే కదా మేం చెప్పేది! ఎక్కడున్నావో, ఏం చేయబోతున్నావో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవచ్చుగా. ఇంకో రకం, చుట్టాలని తీసుకొచ్చి ప్రొపెల్లర్‌కి ఆనించి ఫొటోలు తీసేవాళ్లు. ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోకి బ్యాటరీతో పని లేదు. దాన్ని ఎర్త్ చేసే వైరు తెగి ఉంటే తాళంచెవి తీసేసినా, బ్లేడు కాస్త కదిలితే ఇంజిన్ ఒక్క తన్ను తన్నొచ్చు. వాళ్లకి చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

సరే, సాయంత్రం సంగతి. పెద్దాయన తన టెయిల్‌వీల్ విమానం వేసుకుని ఓ చుట్టు తిరిగొచ్చాడు. కుర్చీలన్నీ అటే. కంచె దాటాడు, చక్కగా వస్తున్నాడు, ఉన్నట్టుండి ఇంజిన్ గట్టిగా మోగింది, పైకెళ్లిపోయాడు. మళ్లీ సర్క్యూట్ తిరిగొచ్చాడు, మళ్లీ వెళ్లిపోయాడు. మూడోసారి దిగాడు, చక్రం తగిలినట్టే తెలియలేదు. ఒక్క వేలూ లేవలేదు. ఎవరి మాటల్లో వాళ్లున్నారు.

దగ్గరికెళ్లి ఏమైందని అడిగాను.

"మొదటిసారి కుక్క అడ్డొచ్చింది."

"రెండోసారి?"

"ఏం లేదు. నాకే నచ్చలేదు."

నా లాగ్‌బుక్‌లో ఆ రోజు వరుసలో అక్కడ ఒక ల్యాండింగ్ అని రాసి ఉంది. పెద్దాయన మాత్రం మూడని రాయాల్సిందేనంటాడు.