దిండు కింద కరపత్రం

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. నెల క్రితం నైట్ డ్యూటీలో, తుంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ నిద్రపట్టక మూలుగుతుంటే తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. దిండు కింద కరపత్రం పెట్టాను. పొద్దున వాళ్లబ్బాయి చూసి గొడవ చేశాడు. ఇన్‌ఛార్జి సిస్టర్ అందరినీ పిలిచి ఎవరు పెట్టారని అడిగితే భయంతో నోరు మెదపలేదు. కొత్తగా చేరిన ఒకమ్మాయి మెడలో సిలువ వేసుకుంటుంది, ఆ మాట ఆమె మీదికి పోయింది. వార్డులో మతం మాట ఎత్తొద్దని గట్టిగా చెప్పారు. మనుషుల ముందు ప్రభువును ఎరగనన్నవాడి గురించి మొన్న ఆదివారం పాస్టరుగారు వాక్యం చెప్పారు. అప్పట్నుంచి నిద్ర లేదు. సువార్త చెప్పలేని ఈ ఉద్యోగం నాకెందుకు? మా ఆయనేమో ‘ఇంటి లోను ఉంది, నోరు మూసుకుని డ్యూటీ చేసుకో’ అంటారు. ఆయనకు విశ్వాసం తక్కువనిపిస్తోంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సువార్త చెప్పలేకపోతున్నానన్నదే మీ దిగులు. నేను మాత్రం మీరు ఒక్క వాక్యంలో దాటేసిన చోట ఆగిపోయాను, ఆ కొత్తమ్మాయి దగ్గర.

పేతురును గుర్తుచేసుకోండి. ప్రధాన యాజకుని ఇంటి వాకిట్లో మంట దగ్గర చలి కాచుకుంటున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లకు ప్రభువు గురించి ఎందుకు బోధించలేదని ఏ సువార్తా ఆయన్ని తప్పుపట్టలేదు. నువ్వూ ఆయనతో ఉన్నవాడివే కదా అని ఒక పనిపిల్ల అడిగింది. అడిగితే కాదన్నాడు. కోడి కూసింది అందుకు. మిమ్మల్నీ అడిగారమ్మా. మీ జవాబు ఇంకో పిల్ల మోస్తోంది. మీకు నిద్ర పట్టనివ్వనిది ఇదేనని నాకనిపిస్తోంది.

ఇక ప్రార్థన సంగతి. మా అమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయి చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. మాదీ ప్రార్థన చేసుకునే ఇల్లే. అయినా ఒక సాయంత్రం ముక్కూమొహం తెలియనివాళ్లెవరో వచ్చి, అడక్కుండా నెత్తిన చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. అయిపోయేదాకా అమ్మ ఎడమ చేత్తో దుప్పటి అంచు పిసుకుతూనే ఉంది. వద్దనడానికి నోరు లేదు, లేచి వెళ్లడానికి కాలు లేదు. మీ పెద్దావిడ పరిస్థితీ ఆ రాత్రి అంతే.

అక్కడే ఒక నైట్ సిస్టర్ ఉండేది. అమ్మను ముట్టుకునే ముందు అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకునేది. ‘మామ్మా, పక్కకి తిప్పుతున్నా’ అని చెప్పి మరీ తిప్పేది. ఇంత ఓపిక ఎక్కడిదమ్మా అని ఒకరోజు నేనే అడిగాను. వచ్చేటప్పుడు బస్సులో బెడ్డు నంబర్లు తల్చుకుని ఒక్కొక్కరి కోసం ప్రభువుకు చెప్పుకుంటానంది. అంతే చెప్పి సెలైన్ చూడ్డానికి వెళ్లిపోయింది. నేను మర్చిపోలేదు. మొదటి పేతురు 3:15 తీసి చూడండి. అడిగేవాళ్లకు సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని ఉంటుంది. అడిగినప్పుడు కాదన్న పేతురు పేరిటే ఆ మాట ఉంది.

రాజ్యాంగం 25వ అధికరణ మన మతాన్ని అవలంబించడానికి, ప్రచారం చేసుకోవడానికి హక్కు ఇచ్చింది, నిజమే. ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టుల సంగతి అలా ఉంచినా, మీ చేతిలో సూది ఉన్నంతసేపు రోగి మీకు ఎదురుచెప్పే స్థితిలో ఉండదు. మంచం దగ్గర కరపత్రం వద్దు. రోగి తనే ప్రార్థన చెయ్యమంటే ఏం చెయ్యాలో ముందే ఇన్‌ఛార్జిని అడిగి ఉంచుకోండి. టీ తాగేటప్పుడు తోటివాళ్లు అడిగితే ఆదివారం ఎక్కడికి వెళ్లారో సంతోషంగా చెప్పండి.

ఉద్యోగం ఎందుకన్నారు. గుంటూరులో పుట్టి కుగ్లరమ్మగారి ఆసుపత్రి తెలియకుండా ఉండదు. 1883లో అమెరికా నుంచి ఆ డాక్టరమ్మను, అన్నా కుగ్లర్‌ను, లూథరన్ మిషన్ బోర్డు డాక్టరుగా పంపలేదు, జనానాల్లో, అంటే పరదా చాటున ఇళ్లలోనే ఉండే ఆడవాళ్లకు బోధించే పనికి పంపింది. వచ్చిన మొదటి ఏడే ఆమె రోగుల్ని చూడటం మొదలుపెట్టారు. నాడి చూసే చెయ్యి కూడా దేవుని పనిలోదేనని మీ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

మీ ఆయనకు విశ్వాసం తక్కువనకండి. లోను వాయిదాకి భయపడటం ఇల్లు నడిపేవాడి భయం. నోరు మూసుకోమన్న సలహా మాత్రం ఈ ఒక్కచోట చెల్లదు. ఆ అమ్మాయి సంగతి ఆయనకు చెప్పారా? చెప్పలేదనే నా అనుమానం. ముందు ఆయనకు పూర్తిగా చెప్పండి. మెమో రావచ్చు, జీతంలో కోత పడొచ్చు, అదీ ఇద్దరూ కూర్చుని లెక్కేసుకోండి.

తర్వాత ఇన్‌ఛార్జి ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి, ‘సిస్టర్, ఆ కరపత్రం పెట్టింది నేను. ఆ అమ్మాయికేమీ తెలియదు. మీరు అడిగినరోజు భయపడ్డాను’ అనండి. ఈ మూడు మాటలు చాలు. అందరి ముందు అడిగారు కాబట్టి, ఆమె తప్పేమీ లేదన్నది కూడా అందరి ముందే చెప్పమని కోరండి.

ఆ అమ్మాయి దగ్గరికి అదేరోజు వెళ్లండి. క్షమించమని అడిగేటప్పుడు వాక్యమేదీ ఎత్తకండి. ఈ నెలంతా డ్యూటీలు ఎలా గడిచాయో అడిగి, ఆమె చెప్పినంతసేపూ వినండి.