శల్యసారథ్యం మనకు ఉండనే ఉంది

సందేహం: రైలు పట్టాల బోల్టులు ఊడదీసినా 'సాబొటాజ్' అంటున్నారు, ఆఫీసులో ఒకరి ప్రాజెక్టును తోటివాళ్లే లోలోపల చెడగొట్టినా 'సాబొటాజ్' అంటున్నారు. పత్రికల్లో దీన్ని 'విద్రోహం' అని రాస్తున్నారు. రెండు చోట్లా ఆ మాట సరిపోతుందా? కార్మికులు చెక్క బూట్లను యంత్రాల్లోకి విసరడం వల్ల ఈ పదం పుట్టిందన్నది నిజమేనా?

సమాధానం: బూట్ల సంగతి ముందు తేల్చేద్దాం. ఫ్రెంచిలో 'సాబో' అంటే చెక్కతో తొలిచిన పాదరక్ష. దానినుంచి వచ్చిన క్రియకు ఆ పాదరక్షలతో టకటకమని నడవడం, ఆపైన పనిని మొరటుగా, అడ్డదిడ్డంగా చేయడం అనే అర్థాలు ఏర్పడ్డాయి. మగ్గాల్లోకి బూట్లు విసిరిన కథ వినడానికి బాగుంటుంది గానీ దానికి ఆధారాలు లేవు. 1897లో ఫ్రాన్సులోని తూలూజ్‌లో జరిగిన కార్మిక మహాసభలో కార్మికోద్యమ నాయకుడు ఎమిల్ పూజే వంటివారు దీన్ని పోరాట పద్ధతిగా ముందుకు తెచ్చారు. 'చెడ్డ జీతానికి చెడ్డ పని' అన్నది వారి నినాదం. 1910 నాటి ఫ్రెంచి రైల్వే సమ్మె రోజుల్లో ఈ మాట ఇంగ్లీషులో స్థిరపడింది. అంటే మొదట్లో ఇది పేల్చేయడం కాదు, కూల్చేయడమూ కాదు. పనిలో ఉంటూనే పని చెడగొట్టడం. మందుపాతరలూ వంతెనలూ ఆ తరువాత వచ్చి చేరినవి.

పనిలో ఉంటూనే పని చెడగొట్టడానికి తెలుగులో మాట లేదని ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉంటుంది. శల్యసారథ్యం అన్న మాటను మన పెద్దలు నిన్నమొన్నటి దాకా రోజూ వాడారు.

కథ మీకు తెలిసిందే అయినా ఒకసారి దగ్గరగా చూడండి. శల్యుడు మద్రరాజు, మాద్రికి అన్న, నకుల సహదేవులకు మేనమామ. పాండవుల పక్షాన చేరడానికి సేనతో బయలుదేరాడు. దారి పొడవునా విడిదులు, విందులు. ఇవన్నీ ధర్మరాజే ఏర్పాటు చేశాడనుకుని సంతోషించి, చేసినవాడికి వరమిస్తానన్నాడు. చేసినవాడు దుర్యోధనుడు! మాటకు కట్టుబడి అటు చేరాడు. ఆ సంగతి చెప్పడానికి వచ్చినప్పుడు ధర్మరాజు అడిగిన కోరిక వ్యాసభారతంలో ఇలా ఉంటుంది: 'తేజోవధశ్చ తే కార్యః సౌతేరస్మజ్జయావహః, అకర్తవ్యమపి హ్యేతత్ కర్తుమర్హసి మాతుల.' కర్ణుడికి సారథివైన రోజున అతని తేజస్సును చంపు, మాకు జయం కలుగుతుంది, ఇది చేయకూడని పనే, అయినా చేయాలి మామా, అని. అడుగుతున్నది ధర్మరాజు. 'అకర్తవ్యం' అని తానే ఒప్పుకుంటూ అడుగుతున్నాడు. ఈ ఒక్క మాట మీద ఎన్ని గంటలైనా మాట్లాడవచ్చు.

తేజోవధ అంటే ఇవాళ పరువు తీయడం, నలుగురిలో అవమానించడం అని వాడుతున్నారు. తప్పనను. కానీ మూలార్థం అంతకన్నా లోతైనది. యోధుడి చేతిలో విల్లు అలాగే ఉంటుంది, బాణాలు అలాగే ఉంటాయి, లోపలి పట్టు మాత్రం సడలిపోతుంది.

ఇక కర్ణపర్వం. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలూ తిక్కన చేతిలో పడడం తెలుగువాళ్ల అదృష్టం. మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే చోట ఆయనకు సాటి లేరు. కర్ణశల్య సంవాదం కోసమైనా కర్ణపర్వం చదవండి. సూతుడి కొడుక్కి రథం తోలడమా అని శల్యుడు మండిపడతాడు. దుర్యోధనుడు బతిమాలితే, నోటికి వచ్చినదల్లా అంటాను, కర్ణుడు సహించాలి అని షరతు పెట్టి ఎక్కుతాడు. రథం కదిలిన దగ్గరనుంచి పొడుపులే. అర్జునుణ్ణి పొగుడుతాడు. ఎంగిలి మెతుకులు తిని బలిసిన కాకి హంసలతో పందెం వేసి, నూటొక్క రకాలుగా ఎగరగలనని డంబాలు పలికి, సముద్రం మధ్యలో రెక్కలు ఉడిగి నీళ్లలో పడిన కథ చెబుతాడు. ఇదంతా యుద్ధానికి పోతున్న మనిషికి!

ఇంత జరిగాక, కర్ణుడు అర్జునుడి మీద నాగాస్త్రం ఎక్కుపెట్టినప్పుడు, ఈ బాణం కంఠానికి తగలదు, మళ్లీ సంధించు అని అదే శల్యుడు అంటాడు. ఆ మాట నిజం. కర్ణుడు రెండోసారి సంధించనన్నాడు. కృష్ణుడు రథాన్ని అణచగా బాణం కిరీటాన్ని మాత్రం కొట్టుకుపోయింది. తన సారథి చెప్పే మంచిమాటను కూడా వినలేని స్థితికి యోధుణ్ణి తేవడం శల్యసారథ్యంలో అసలు దెబ్బ అని నేననుకుంటాను.

'శల్యం' అంటే ములుకు, ఒంట్లో దిగి బాధపెట్టేది. శల్యచికిత్స అన్న మాట అందుకే. చిక్కి శల్యమవడంలోనిది ఎముక అనే అర్థం. 'సారధ్యం' అని ధకారంతో రాసేవారికి మనవి: రథం తోలేవాడు సారథి, థకారమే. శీర్షికల్లో కూడా ఈ తప్పు కనిపిస్తుంటే కళ్లు మండుతున్నాయి.

అయితే పట్టాల బోల్టులు ఊడదీసినవాడు సారథి కాడు, రథం ఎక్కనే లేదు. అక్కడ శల్యసారథ్యం అతకదు. విద్రోహం మాటేమిటంటే, ద్రోహానికి ముందు ఒక నమ్మకం, ఒక బంధం ఉండాలి: మిత్రద్రోహం, స్వామిద్రోహం, గురుద్రోహం. శత్రువు చేసేది ద్రోహం కాదు, దాడి. పైగా హిందీలో విద్రోహమంటే తిరుగుబాటు. పత్రికలు ఇన్నేళ్లుగా పాతుకునేలా వాడాయి కాబట్టి 'విద్రోహ చర్య'ను ఇప్పుడు పీకేయమనను. బయటివాడు చేసినప్పుడు విధ్వంసం అంటే నాకు ఎక్కువ నచ్చుతుంది. 'విధ్వంసం సృష్టించారు' అని మాత్రం దయచేసి రాయకండి. ధ్వంసమంటేనే నాశనం, దాన్ని సృష్టించడమేమిటి?

'సెల్ఫ్ సాబొటాజ్'కు 'స్వీయ విధ్వంసం' అనే అనువాదం కూడా ఈమధ్య బయలుదేరింది. చేజేతులా చెడగొట్టుకోవడం అనే చక్కటి మాట ఉండగా దానితో పనేముంది?

మీ ఆఫీసు ఉదాహరణలో చెడగొట్టినవారు ఆ పనిలో భాగస్వాములైతే శల్యసారథ్యం అనండి. పక్కనుండి అడ్డుపడినవారైతే మోకాలడ్డారనో గండికొట్టారనో అంటే చాలు. భాగస్వామి ఒక్క మాటా అనకుండా చేతులు ముడుచుకు కూర్చుని పని చెడగొడితే అది శల్యసారథ్యం కిందికి వస్తుందా? వస్తుందనే నా మొగ్గు. కానీ శల్యుడు రథాన్ని మాత్రం ఏ లోటూ లేకుండా తోలాడు, నోటితోనే చెరిచాడు. కాబట్టి కాదనేవారితో వాదానికి దిగను.